బోటులో కార్బన్ మోనాక్సైడ్ అలారం: పులికాట్‌లో వాడి చూశాక

అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తున్నాను. అయిదోది ఎందుకు ఇవ్వలేదో కింద చెబుతాను.

తిరుపతిలో నాది మోటారు విడిభాగాల దుకాణం. మా బావమరిది తడ దగ్గర భీమునివారిపాలెం రేవు నుంచి పులికాట్ సరస్సులో మనుషులను తిప్పుతాడు. ఫ్లెమింగోలు దిగే చలికాలంలో గిరాకీ బాగుంటుంది. ఫైబరు బోటు, వెనక పెట్రోలు ఇంజను, పైన కప్పు, చలిగాలి కొట్టకుండా ముందూ పక్కలా టార్పాలిన్ పరదాలు. ఆ పరదాలు చూసే ఈ అలారం కొనిచ్చాను.

తెరిచి ఉన్న బోటులో పొగ ఎక్కడ నిలుస్తుందని చాలామంది అడుగుతారు. నిలవక్కర్లేదు, వెనక్కి తిరిగి లోపలికి వస్తే చాలు. ముందు, పక్కలు మూసి వెనకవైపు వదిలేసిన బోటు కదులుతుంటే, దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి ఇంజను వదిలిన పొగ లోపలికి చేరుతుంది. గాలి వెనక నుంచి వీస్తూ ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే బెడద ఇంకా ఎక్కువ. పక్షుల దగ్గర మనం చేసేది సరిగ్గా అదే. వేగం తగ్గిస్తాం, ఇంజను ఆపం, అందరినీ ఫొటోలు తీసుకోమంటాం.

ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల నొస్తుంది, కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. మనవాళ్లు ‘పాపం, బోటు ప్రయాణం పడలేదు’ అని చేతిలో నిమ్మకాయ పెట్టి ఊరుకుంటారు. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే అది నిమ్మకాయతో తీరేది కాదు. చంటిపిల్లలకు, గర్భిణులకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం.

ఇక అలారం సంగతి. కార్బన్ మోనాక్సైడ్ అలారాలకు అమెరికాలో పెట్టిన యూఎల్ 2034 భద్రతా ప్రమాణం, అందులోనూ బోట్లకు పనికొస్తుందని ముద్ర ఉన్నదే తీసుకున్నాను. ఇంటి రకం ఈ కుదుపులకు, ఉప్పుగాలికి ఆగదు. ప్రయాణికులు లేనప్పుడు పరదాలు దించి, ఇంజను నెమ్మదిగా తిప్పుతూ బోటును గాలికి వీపు పెట్టి నిలిపి చూశాం. తెర మీద అంకె 80 పీపీఎం దాటింది, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 80 పాళ్లు ఈ వాయువే. పక్క పరదాలు ఎత్తి, బోటు ముందు భాగాన్ని గాలికి ఎదురుగా తిప్పగానే దిగడం మొదలుపెట్టింది. వెనక సీటు దగ్గర పొగ వాసన కూడా పెద్దగా లేదు, అంకె మాత్రం కళ్ల ముందు ఉంది. ఈ ఒక్క పరీక్షకే పెట్టిన డబ్బు చెల్లిపోయిందని నా అభిప్రాయం.

అయితే అంకె 80 దాటినా అది మోగలేదు. పాడైపోలేదు, దాని తయారీయే అంత. 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల మధ్య మోగాలి, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాల్లో, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల్లో. 30 కంటే తక్కువ ఉంటే తెర సున్నానే చూపిస్తుంది. అందుకే తెర లేని చవక రకం కొనవద్దని గట్టిగా చెబుతాను. బోటు నడిపేవాడు మోత కోసం కాచుకోకుండా అంకె చూసి పరదా ఎత్తాలి. పరీక్ష మీట నొక్కితే మోత, సర్క్యూట్ బాగున్నాయని మాత్రమే తెలుస్తుంది. సెన్సరు ఆయుష్షు వేరు, వెనక వేసిన గడువు తేదీకి మార్చాల్సిందే.

చుక్క తగ్గించింది వాడుక పుస్తకం వల్ల. తెలుగు లేదు సరే, అసలు విషయం కూడా చిన్న అక్షరాల్లో అడుగున వేశారు: ఈ అలారం పెట్రోలు ఆవిరిని పట్టదు. బోటువాళ్లకు మొదటి పేజీలో చెప్పాల్సిన మాట ఇది. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. బోటు అడుగు పలకల కిందికి దిగి కూర్చుంటుంది. గాలిలో 1.4 శాతం కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. ట్యాంకును ఒడ్డుకు దించి, నేల మీద పెట్టి, గొట్టం మూతి అంచుకు ఆనించి నింపాలి. మనుషులు ఎక్కేది ఆ తర్వాతే. ఇంజను తిప్పే ముందు పలక ఎత్తి వాసన చూడాలి. రబ్బరు పైపు పగుళ్లిస్తే టేపు చుట్టకుండా మార్చేయాలి. లోపల మూసిన గదిలో పెట్రోలు ఇంజను ఉన్న బోటుకు కారు స్టార్టరు బిగిస్తామని నా దుకాణానికి వస్తుంటారు. నేను ఇవ్వను. బోటు స్టార్టరు నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టి ఉంటుంది, కారుది అలా ఉండదు.

అలారం మోగితే పరదాలన్నీ ఎత్తి, ఇంజను ఆపి, అందరినీ స్వచ్ఛమైన గాలి తగిలేచోటికి మార్చండి. తల తిరుగుతోందన్నవాళ్లను సూళ్లూరుపేట ఆసుపత్రికి తీసుకెళ్లినా, తిరుపతికి తెచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ పీల్చారని డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరు ఈ వాయువు పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ నిండిన రక్తంగానే చూపిస్తుంది.