డ్రాకెన్స్‌బర్గ్ ట్రెక్ ప్లానింగ్ సర్వీస్ రివ్యూ: కొండ బాగా తెలుసు, రోడ్డే తెలీదు

దక్షిణాఫ్రికా వైపు కొండలకి ట్రెక్కింగ్ ప్లాన్ చేసి పెడతామని కాకినాడలో ఒకాయన చిన్న ఆఫీసు నడుపుతున్నారండి. మా బావగారు, నేను, భీమవరం నుంచి రొయ్యల చెరువులు చేసే ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి ఆయన చేత ప్లాన్ చేయించుకుని మే నెలాఖర్లో దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్స్‌బర్గ్ కొండలకి వెళ్ళొచ్చాం. కింద కొంచెం వాయింపుడు కూడా ఉంటది కాబట్టి పేరు రాయట్లేదు.

గ్రూపు మొత్తానికి 6,000 రూపాయలు ఫీజు. ఫ్లైట్లు, రూములు ఆయన బుక్ చెయ్యరు, అవి మన తంటా. రూటు, సీజను, పర్మిట్లు, సామాన్ల లిస్టు, ఏ రోజు ఎక్కడ అనేది ఒక పీడీఎఫ్‌లో పెట్టి ఇస్తారు, టెంట్లు స్లీపింగ్ బ్యాగులు అద్దెకి కూడా ఇస్తారు. యూట్యూబ్‌లో ఊరికే దొరికేదానికి డబ్బులెందుకురా అని బావగారు మెట్లెక్కుతూనే మొదలెట్టారు, ఆయన్ని కూర్చోబెట్టడమే పెద్ద పని అయింది.

అయితే ఆ ఫీజు ఎందుకో మొదటి సిట్టింగ్‌లోనే తెలిసిపోయింది. మేం అడిగింది సంక్రాంతి సెలవులకి. ఆయన ఒక్క మాటలో వద్దండి అనేశారు. మనకి సంక్రాంతి అంటే అక్కడ నడి వేసవి, కొండంతా పచ్చగానే ఉంటది గానీ దాదాపు రోజూ మధ్యాహ్నానికి ఉరుములు మెరుపులతో వాన దిగుతుంది, పైన చెట్టూ చేమా లేని బోడి మైదానంలో పిడుగు పడితే దాక్కోడానికి చోటుండదు. ఏప్రిల్, మే అయితే వాన తగ్గి ఆకాశం తేటగా ఉంటది, కాకపోతే రాత్రిళ్ళు సున్నా కిందకి పోతుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా మంచు కూడా పడొచ్చు. చలికి బట్టలు కొనుక్కోవచ్చు, పిడుక్కి ఏం కొంటారండి అన్నారు. బావగారు అప్పుడు కొంచెం మెత్తబడ్డారు.

తర్వాత ఎక్కడికి వెళ్ళాలనే దాని మీద పెద్ద చర్చ. మావాళ్ళలో ఒకడు నమీబియాలో ఫిష్ రివర్ కాన్యన్ వీడియోలు చూసి అదే కావాలని పట్టు పట్టాడు. అది మే 1 నుంచి సెప్టెంబర్ 15 వరకే తెరుస్తారు, దాదాపు 85 కిలోమీటర్లు, డాక్టర్ సర్టిఫికెట్ లేకపోతే దిగనివ్వరు, ఒకసారి లోయలోకి దిగాక మధ్యలో నావల్ల కాదు అంటే బయటికొచ్చే దారులు పెద్దగా లేవు. మీలో షుగర్ ఎవరికుంది అని అడిగారు, ఇద్దరు చెయ్యెత్తారు, అక్కడితో అది క్యాన్సిల్. దక్షిణాఫ్రికాలోనే సముద్రం పక్కన నడిచే ఆటర్ ట్రైల్ నాకు బాగా నచ్చింది, ఐదు రోజులు, నాలుగో రోజు బ్లౌక్రాన్స్ అనే నది పాటు టైం చూసుకుని దాటాలి, పోటు మీదుంటే కుదరదు, ఆ లెక్క అంతర్వేది వైపు వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ రోజుకి 12 మందినే పంపిస్తారు, ఏడాది ముందే నిండిపోతుందట. మలావీలో ములాంజే కొండ కూడా చూపించారు, సపిత్వా శిఖరం 3,002 మీటర్లు, పైన పడుకోడానికి గుడిసెలుంటాయి, మూటలు మోసే మనుషులు దొరుకుతారు. అది ఇంకోసారికి అని పక్కన పెట్టాం.

చివరికి డ్రాకెన్స్‌బర్గ్‌లో ఆంఫిథియేటర్ వైపు తేల్చారు. ఐదు కిలోమీటర్ల పొడవున, వెయ్యి మీటర్లకి పైగా ఎత్తున నిలువుగా నిలబడ్డ రాతి గోడ అది. మాకు అదే ఎందుకంటే సెంటినెల్ కార్ పార్కింగ్ దాకా బండి వెళ్తుంది, అదే దాదాపు 2,500 మీటర్ల ఎత్తు, అక్కణ్ణుంచి పైకి ఇంకో అయిదొందల మీటర్ల చిల్లర ఎక్కితే చాలు. కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే కదండీ, మా స్టామినా ఆయనకి చూడగానే అర్థమైపోయుంటది. వీపున బ్యాగులో పది కేజీల బియ్యం వేసుకుని అన్నవరం మెట్లు ఎక్కి దిగమన్నారు, తర్వాత మారేడుమిల్లి వైపు కొండల్లో నడవమన్నారు. అన్నవరంలో జనం మొక్కుబడి అనుకుని మాకు దారిచ్చారు. మోకాళ్ళు దిగేటప్పుడే పోతాయి, ఎక్కేటప్పుడు కాదు అని ఆయన పదిసార్లు చెప్పింది అక్కడికెళ్ళాక బాగా పనికొచ్చింది.

లెసోతో మాత్రం ప్లాన్‌లోంచి ఆయనే తీసేశారు. ఆఫ్రికా ఖండం దక్షిణ భాగం మొత్తానికి ఎత్తైన శిఖరం థబానా న్ట్లెన్యానా, 3,482 మీటర్లు, అది లెసోతోలో ఉంది, అది వేరే దేశం. అక్కడికి వెళ్ళి మళ్ళీ దక్షిణాఫ్రికాలోకి రావాలంటే ఆ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి, మొదటిసారి వెళ్తూ రెండు దేశాల పేపర్లతో ఎందుకండి అన్నారు. ఇంకోటి, చీప్‌గా వస్తుందని అడిస్ అబాబా మీదుగా టికెట్ తీసుకుంటే అక్కడ ఆగేది 12 గంటలు దాటకూడదు, దాటితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. ఇలాంటివి టికెట్ సైట్లు మనకి ఎందుకు చెప్తాయి.

ట్రెక్ సంగతికొస్తే పీడీఎఫ్‌లో రాసింది రాసినట్టే ఉంది. ఇనప గొలుసు నిచ్చెనలు రెండు వరసలు, నిలువు రాయికి బిగించి ఉంటాయి, గాలి ఉంటే అవి ఎక్కొద్దు, పక్కన కొండ చీలికలోంచి ఎక్కే దారి ఉంది అని రాశారు. కింద రిజిస్టర్‌లో పేర్లు రాయడం, దిగాక మళ్ళీ సంతకం పెట్టడం మర్చిపోవద్దు, పెట్టకపోతే మీకోసం వెతకడానికి మనుషులు బయల్దేరతారు అని ఎర్ర అక్షరాల్లో వేశారు. పైన రాత్రి ఉండాలనుకుంటే లోకల్ గైడ్ లేకుండా వద్దు, టెంట్ల దగ్గర దొంగతనాలు జరుగుతుంటాయి అని దాచకుండా చెప్పారు. మేం గైడ్‌ని పెట్టుకున్నాం, ఆ కుర్రాడు రెండు నిచ్చెనల మధ్య బావగారి చెయ్యి వదల్లేదు.

టుగేలా జలపాతం 948 మీటర్లు, ఐదు అంచెల్లో పడుతుంది, ప్రపంచంలో ఎత్తైనవాటిల్లో ఒకటి. మేం వెళ్ళిన సీజన్‌లో సన్నటి ధార. ఇంత దూరం వచ్చింది దీనికా, మా లాకుల దగ్గర గేటు లీకు ఇంతకంటే నయం అని బావగారు ఒకటే గొణుగుడు. ఎండాకాలంలో నీళ్ళు ఎక్కువ, చలికాలంలో తక్కువ, గడ్డ కూడా కట్టొచ్చు అని మూడో పేజీలో ఉంది, ఆయన చదవలేదు, దీనికి మాత్రం మార్కులు తగ్గించను. అంచు దగ్గర బోర్లా పడుకుని కిందకి చూస్తే మాత్రం ఎవరికీ నోట మాట రాలేదు, ఆయనకి కూడా.

ఇక వాయింపుడు. ఈయనకి కొండ తెలిసినంత రోడ్డు తెలీదు. మా ఫ్లైట్ మధ్యాహ్నం జొహన్నెస్‌బర్గ్‌లో దిగుతుంది, అదే రోజు కారు తీసుకుని కొండ కింద లాడ్జికి వెళ్ళిపోమని రాశారు. నాలుగైదు గంటల డ్రైవ్ అది, మే నెలాఖర్లో అక్కడ ఐదుంపావుకల్లా పొద్దు గూకుతుంది. హారిస్మిత్ అనే ఊరు దాటాక గుంతల రోడ్డు, లైట్లు లేవు, రోడ్డు మీద పశువులు. మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్ కాబట్టి బతికిపోయాం. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరమని రాయడానికి ఏమైంది? పొద్దు ఎప్పుడు గూకుతుందో ఫోన్‌లో చూసినా తెలిసేది కదా.

రెండోది స్లీపింగ్ బ్యాగు. మైనస్ 5 బ్యాగండి అని అద్దెకిచ్చారు. లోపలి ట్యాగ్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు నంబర్లుంటాయి, హాయిగా పడుకోడానికి చూడాల్సింది కంఫర్ట్. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం పోకుండా తెల్లారేది అన్నమాట. ఈయన చెప్పిన మైనస్ 5 ఆ ఎక్స్‌ట్రీమ్ నంబర్. డిసెంబర్ మంచుకే మంకీ క్యాప్ పెట్టే మనుషులం, కొండ పైన ఆ రాత్రి ఉన్న బట్టలన్నీ వేసుకుని, బాటిల్స్‌లో వేడినీళ్ళు పోసి కాళ్ళ దగ్గర పెట్టుకుని గడిపాం. ఆ వేడినీళ్ళకి కూడా గ్యాస్ పొదుపుగా వాడాల్సొచ్చింది, ఎందుకంటే గ్యాస్ డబ్బాలు విమానంలో తీసుకెళ్ళనివ్వరు, కొండ దగ్గర షాపులో దొరుకుతాయి అని రాశారు, అక్కడ దొరకలేదు. గైడ్ దగ్గర ఉన్నదానితో నడిచింది. మంట వేసుకుందామంటే పార్కులో నిషేధం.

తిరిగొచ్చాక ఆఫీసుకెళ్ళి ట్యాగ్ చూపిస్తే వాదించలేదు, బ్యాగుల అద్దెలో సగం వెనక్కిచ్చారు. మొత్తం ఇవ్వాల్సింది అని భీమవరం వాళ్ళు ఇంకా అంటున్నారు.

దిగాక రెస్ట్ పేరుతో పెట్టిన భాగం బాగుంది. రాయల్ నాటల్ పార్కు వైపు నుంచి టుగేలా గార్జ్ (ఇరుకు లోయ) నడక, అదే గోడని కింద నుంచి చూడ్డం. తర్వాత కాంబర్గ్‌లో గైడ్‌తో వెళ్ళి చూసే, అక్కడి ఆదివాసులైన సాన్ ప్రజల గుహ బొమ్మలు, ఎలాండ్ అనే పెద్ద జింక తల వాల్చేసి ఉంటుంది, పక్కన దాని తోక పట్టుకున్న మనిషి. ఆఖర్న డర్బన్. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో మొదలై మనవాళ్ళు చెరుకు తోటలకి వెళ్ళిన ఊరు కదా, బ్రెడ్ దొలిచి కూర నింపి ఇచ్చే బన్నీ చౌ తిని బావగారు మొదటిసారి ఈ ట్రిప్‌ని మెచ్చుకున్నారు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఏ సీజను, ఏ కొండ, ఎవరెంత ఎక్కగలరు అనేదానికి ఈయన దగ్గరికి నిరభ్యంతరంగా వెళ్ళండి. డ్రైవింగ్ రోజుల ప్లాన్ మాత్రం మీరే వేసుకోండి, గ్యాస్ జొహన్నెస్‌బర్గ్‌లోనే కొనెయ్యండి, స్లీపింగ్ బ్యాగు ట్యాగ్ ఆయన ఎదురుగానే చదవండి. ఫోన్ ఎత్తడం తక్కువ, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే రాత్రి పదింటి తర్వాత రిప్లై వస్తుంది. ములాంజేకి కొటేషన్ అడిగాం, ఇంకా పంపలేదు.