విడి హార్డ్ డిస్క్ బబుల్ ర్యాప్‌లో చుట్టి పంపితే తీసుకోకండి

ఇంటర్నల్ హార్డ్ డిస్కో, ఎస్‌ఎస్‌డీనో ఆర్డర్ పెట్టినవాళ్లు పార్శిల్ విప్పగానే ముందు చూడాల్సింది అది వచ్చిన సంచిని. డిస్కు సంగతి తర్వాత. మామూలు పాలిథీన్ కవర్లో వేసి, తెల్ల బబుల్ ర్యాప్ రెండు చుట్లు చుట్టి, బ్రౌన్ టేపు బిగించిన విడి డిస్కులు ఆన్‌లైన్‌లోనూ షాపుల్లోనూ అమ్ముతున్నారు. 'ట్రే పీస్ అండీ, అందుకే బాక్స్ లేదు' అంటారు. బాక్స్ లేకపోతే ఫర్వాలేదు. కానీ కంపెనీ నుంచి ట్రేలో వచ్చే హార్డ్ డిస్కు కూడా ఒక్కొక్కటీ విడిగా యాంటీ స్టాటిక్ సంచిలోనే, అంటే రాపిడితో పుట్టి పోగయ్యే కరెంటు (స్టాటిక్) తగలకుండా చూసే సంచిలోనే ఉంటుంది. ఆ సంచి లేదంటే మధ్యలో ఎవరో విప్పారన్నమాట.

బబుల్ ర్యాప్ దెబ్బ తగలకుండా ఆపుతుంది, స్టాటిక్‌ను మాత్రం తానే పుట్టిస్తుంది. థర్మాకోల్ కూడా అంతే. టేపును చర్రున లాగినప్పుడు వేల వోల్టులు పుడతాయి. గాలిలో తేమ 10, 20 శాతమే ఉన్నప్పుడు బల్ల మీది పాలిథీన్ కవర్ ఎత్తితే 20,000 వోల్టుల దాకా పోగవుతుంది. తేమ 65 శాతం దాటితే అదే పనికి 1,200 దగ్గర ఆగుతుంది. వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి, కొన్ని చిప్పులు చెడిపోవడానికి 100 కూడా అక్కర్లేదు. డిస్కు లోపలి రీడ్ హెడ్ ఇంకా సున్నితం. కాబట్టి 'మాది విశాఖ, ఉక్కపోతలో స్టాటిక్ ఎక్కడిది' అనుకోవద్దు. మన చేతికి తెలియనంత చిన్న మెరుపు చాలు. హైదరాబాద్‌లో చలికాలం ఏసీ గదిలో అయితే చెప్పనే అక్కర్లేదు.

డిస్కు అక్కడికక్కడే చచ్చిపోతే మేలే, వెంటనే తిరిగి ఇచ్చేయొచ్చు. అసలు ప్రమాదం సగం దెబ్బతో. చిప్పు లోపలి సన్నటి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది కానీ పూర్తిగా తెగదు. డిస్కు మామూలుగానే నడుస్తుంది. కొన్ని వారాలకో నెలలకో ఉన్నట్టుండి కనిపించడం మానేస్తుంది, లేదా తిరుగుతుంది కానీ కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే బయోస్ సెట్టింగుల్లో పేరు రాదు. అప్పటికి రిటర్న్ గడువు పోయి, పెళ్లి ఫొటోలన్నీ అందులో చేరి ఉంటాయి. అది స్టాటిక్ వల్లేనని ఇంట్లో కూర్చుని ఎవరూ నిరూపించలేరు. మన చేతిలో ఉన్న సాక్ష్యం మొదటి రోజు కనిపించే ప్యాకింగ్ ఒక్కటే.

సంచిని ఎలా గుర్తుపట్టాలి? సరైన షీల్డింగ్ సంచి బూడిద రంగు కలిసిన వెండి రంగులో ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపలి లేబుల్ మసకగా కనిపిస్తుంది. అందులోని పలుచని లోహపు పొర బయటి మెరుపును లోపలికి రానివ్వదు. గులాబీ రంగు కవర్ వేరు: అది తనంతట తాను స్టాటిక్ పుట్టించదు, కానీ బయటి దెబ్బను ఆపలేదు. చిప్స్ ప్యాకెట్‌లా మెరుస్తోందని మాత్రమే ఏ కవర్‌నూ నమ్మొద్దు. అసలు సంచే అయినా చిల్లు పడినా, మూతి తెరిచి ఉన్నా లెక్కలోకి రాదు.

ఇంకో మోసం స్టిక్కర్‌తో. త్రికోణంలో చెయ్యి బొమ్మ, దాని మీద అడ్డగీత ఉంటే 'ఈ వస్తువుకు స్టాటిక్ పడదు' అని మాత్రమే అర్థం. చెయ్యి పైన గొడుగులా వంపు గీత ఉంటేనే ఆ సంచి కాపాడే రకం. అడ్డగీత స్టిక్కర్‌ను పాలిథీన్ కవర్ మీద అంటించి 'యాంటీ స్టాటిక్ ప్యాక్' అంటే ఒప్పుకోకండి. లోపల సిలికా జెల్ పొట్లం ఉందని సంబరపడొద్దు, అది చెమ్మ పీల్చడానికే. స్టాటిక్‌కు దానితో పని లేదు.

పార్శిల్ కోసే ముందు ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, అడ్రస్ చీటీ నుంచి సంచి, సీరియల్ నంబర్ వరకు ఆపకుండా తీయండి. సంచి సరిగా లేకపోతే డిస్కును కంప్యూటర్‌కు తగిలించకుండానే రిటర్న్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మంచి సంచిలో వచ్చిన డిస్కును బిగించేటప్పుడే పాడు చేసుకునేవాళ్లూ ఉన్నారు. మన ఇళ్లలో పెద్ద తంటా ఎర్తింగ్. మూడో పిన్ను ఉన్నా వెనక వైరు ఉండదు. క్యాబినెట్ తాకితే సన్నగా జిల్లుమంటోందంటే ఎర్తింగ్ లేనట్టే. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద 100 వోల్టులకు పైనే తేలుతుంటాయి. అలాంటిచోట ప్లగ్ పూర్తిగా పీకేయండి. పాలియెస్టర్ చొక్కా వద్దు, నూలుది వేసుకోండి. ఒక చెయ్యి క్యాబినెట్ లోపల రంగు లేని ఇనుము మీద ఆనించి, రెండో చేత్తో సంచిని పట్టుకుని అప్పుడు తెరవండి. డిస్కును పక్క అంచుల దగ్గర పట్టుకోండి, కింది ఆకుపచ్చ బోర్డు జోలికి పోవద్దు. సన్నటి పట్టీలా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీ అయితే బంగారు రంగు కొనలను అస్సలు తాకొద్దు. వైరు లేని యాంటీ స్టాటిక్ రిస్ట్ బ్యాండ్లు కొని డబ్బు తగలేయకండి, వైరు లేకపోతే ఛార్జి పోయే దారే లేదు. వైరున్న దానికి చేతి బిళ్ల నుంచి క్లిప్ వరకు మల్టీమీటర్ పెడితే సుమారు 1 మెగోమ్ చూపించాలి.

డిస్కును సంచి మీద పరిచి కరెంటు ఇవ్వడం కూడా మానండి. లోహపు పొర పైకి తేలితే షార్ట్ అవుతుంది. పొడి చెక్క బల్ల నయం.

నడిచాక స్మార్ట్ రీడింగులు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, ఫొటో తీసి పెట్టుకోండి. హార్డ్ డిస్కులో 5, 197, 198 నంబర్ల (చెడిన, చెడేలా ఉన్న చోట్ల లెక్క) ఎదుట 'రా' (raw) విలువ సున్నా ఉండాలి. 199 (కేబుల్‌లో డేటా తప్పిన లెక్క) పెరుగుతుంటే ముందు డిస్కును కంప్యూటర్‌కు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి, అయినా పెరుగుతుంటే డిస్కు బోర్డునో కంప్యూటర్ పోర్టునో అనుమానించాలి. తర్వాత ఎక్స్‌టెండెడ్ టెస్ట్ (డిస్కు మొత్తం చదివి చూసే పరీక్ష) పెట్టండి. 4 టీబీకి ఏడెనిమిది గంటలు, కొన్నింటికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇదంతా రిటర్న్ గడువు లోపలే అయిపోవాలి. పాత డిస్కులోని కాపీని మరో రెండు మూడు నెలలు చెరపొద్దు.

ఆ వెండి సంచిని చెత్తలో వేయకండి. వారంటీకి పంపేటప్పుడు కంపెనీలు యాంటీ స్టాటిక్ సంచిలోనే పంపమంటాయి, ప్యాకింగ్ సరిగా లేదని డిస్కును తిప్పి పంపొచ్చు కూడా.