కాన్పు తర్వాత నాలుగు రోజులు సింగిల్ రూమ్: గది బాగుంది, బిల్లు దెబ్బ కొట్టింది

మా రెండో పాప మొన్న డిసెంబరులో గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. సిజేరియన్. నాలుగు రోజులు సింగిల్ ఏసీ రూమ్ తీసుకున్నాం, రోజుకు 4,500.

పెద్దదాని కాన్పప్పుడు షేరింగ్ రూమ్‌లో ఉన్నాను. మధ్యలో ఒక కర్టెన్, అంతే. అవతలి మంచం వాళ్ల చుట్టాలు వస్తూ పోతూ ఉంటే పాలివ్వడానికి సిగ్గుపడి డబ్బాపాలు అలవాటు చేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ఈసారి ఎంతయినా సరే విడిగా గది కావాలని మా ఆయనకు ముందే చెప్పాను.

గదికి పెట్టిన డబ్బు దండగ కాలేదు. బాత్రూమ్‌లో కమోడ్ పక్కన గోడకు స్టీలు కడ్డీ ఉంది. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు కూర్చుని లేవాలంటే ప్రాణం పోతుంది. ఆ కడ్డీ పట్టుకునే లేచేదాన్ని. అమ్మ పడుకోవడానికి మంచం వేశారు. రాత్రి పాప కదిలితే చాలు, అమ్మ లేచి నా మోచేతి కింద దిండు పెట్టి, పాప నోరు సరిగ్గా పట్టిందో లేదో వంగి చూసేది. మూడో రోజు తెల్లవారుజామున పాలు పడ్డాయి. ఆ నిశ్శబ్దంలో పాప గుటకలు వేయడం వినిపించి ఏడ్చేశాను.

నా కోపమంతా బిల్లు మీదే. మా ఆరోగ్య బీమా పాలసీలో రూమ్ రెంట్ పరిమితి రోజుకు 3,000. "డిఫరెన్స్ మీరు కట్టుకుంటే చాలండీ" అన్నారు కౌంటర్లో. అంటే 6,000 అనుకున్నాం. తీరా డిశ్చార్జ్ రోజు చూస్తే డాక్టరు, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కలిపి 48,000 అయితే, అందులోనూ మూడో వంతు, 16,000 బీమా వాళ్లు కోసేశారు. పరిమితికి మించిన గది తీసుకుంటే, గది అద్దెలో ఎన్నో వంతు కోస్తే ఈ ఛార్జీలకూ అదే లెక్కన కోత పడుతుందట. ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. మందులు, టెస్టులకు ఈ కోత వేయకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది కాబట్టి వాటికైన 11,000 పూర్తిగా వచ్చింది. మొత్తం 77,000 బిల్లులో 22,000 మా చేతి నుంచే పోయింది. బీమా కంపెనీ నుంచి అప్రూవల్ వచ్చేసరికి సాయంత్రం ఆరయింది. అప్పటిదాకా బట్టలు సర్దుకుని, పాపను ఒళ్లో పెట్టుకుని ఒకటే టెన్షన్.

నెలలు నిండకముందే పాలసీ కాగితంలో రూమ్ రెంట్ ఎంతవరకో చూసుకోండి. గదిని బట్టి మిగతా ఛార్జీలు కూడా మారతాయా అని ఆసుపత్రిలో అడిగి, కాగితం మీద రాయించుకోండి. రోజు అద్దె 5,000 దాటితే 2022 జులై 18 నుంచి దాని మీద 5 శాతం జీఎస్టీ కూడా ఉంది.

గదికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. బిల్లింగ్‌కు ఒకటి. ఏసీ లేని సింగిల్ రూమ్ అక్కడే 3,000కి ఉందని, దానికీ విడిగా బాత్రూమ్ ఉందని డిశ్చార్జ్ రోజున నర్సు చెప్పింది. చేరేటప్పుడు కౌంటర్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బాలింతకు చలి తగలకూడదని అమ్మ ఆ నాలుగు రోజులూ ఏసీ వేయనే లేదు.