పేపరా, పోస్టరా: మొదటిసారి సదస్సుకు వెళ్లే స్కాలర్‌కు ఏది మేలు?

కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీకి కొత్తగా చేరిన తమ్ముడొకడు మొన్న క్యాంటీన్‌లో సదస్సు ఫారం ముందేసుకుని కూర్చున్నాడు. "అన్నా, ఇక్కడ ఓరల్, పోస్టర్ అని రెండు గళ్లున్నాయి. దేనికి టిక్ పెట్టాల?" అని అడిగాడు. ఓరల్ అంటే పేపర్‌ను స్టేజీ మీద స్లైడ్లతో చెప్పడం. పోస్టర్ అంటే పరిశోధనను ఒక పెద్ద షీటు మీద అచ్చేసి బోర్డుకు తగిలించి, పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెప్పడం. మా అనంతపురంలో ఎవరిని అడిగినా "ఓరలే పెట్టప్పా, పోస్టర్‌ను ఎవరు లెక్కపెడతారు" అంటారు. మొదటిసారి నేనూ ఆ మాట నమ్మే టిక్ పెట్టాను. ఇప్పుడైతే కొంచెం ఆలోచించి చెబుతాను.

నా పరిశోధన చెనిక్కాయ రైతుల గురించి. వాన కబురు వాళ్లకు రేడియోలో అందుతోందా, వాట్సాప్‌లోనా, ఇంకెవరైనా చెబుతున్నారా అన్నది విషయం. మొదటి సదస్సులో నాకు 15 నిమిషాలు ఇస్తామన్నారు. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, అతిథులంతా మాట్లాడేసరికి భోజనాల వేళ దాటింది. నా 15 నిమిషాలు ఆరయ్యాయి. నా దగ్గరేమో 14 స్లైడ్లు. అయిదో స్లైడ్ దగ్గరే ఛైర్‌లో కూర్చున్న సార్ "ఇక ముగించు బాబూ" అన్నారు. దానికి తోడు రైతుల మాటల్ని అనూ ఫాంట్‌లో టైప్ చేయించుకుని వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు. తెర మీద తెలుగుకు బదులు ఏవేవో గుర్తులు కనబడ్డాయి. ఎదురుగా ఉన్న పదిమందిలో ఎక్కువ మంది తర్వాత మాట్లాడాల్సినవాళ్లే, ఎవరి స్లైడ్లు వాళ్లు దిద్దుకుంటున్నారు. ఒక్క ప్రశ్న లేదు. సర్టిఫికెట్ మాత్రం చేతికొచ్చింది. (తెలుగును యూనికోడ్‌లో టైప్ చేయండి, పీడీఎఫ్ కాపీ ఒకటి వెంట పెట్టుకోండి. నాకు ఈ మాట ముందే చెప్పినవాళ్లు లేరు.)

మరుసటి ఏడు కర్నూలులో ఇంకో సదస్సు. అదే విషయం, ఈసారి పోస్టర్. ప్లాస్టిక్ పైపులో చుట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. మెట్ల పక్కన, సరిగా వెలుతురు లేని చోట బోర్డు ఇచ్చారు. మనసు చివుక్కుమంది. కానీ టీ తాగడానికి వచ్చినవాళ్లంతా ఆ మెట్ల మీదుగానే పోవాలి! ఇంగ్లిష్‌లో మొదలుపెట్టిన నన్ను ఒక పెద్దాయన ఆపి "తెలుగులోనే చెప్పు నాయనా" అన్నారు. పల్లెల్లో పనిచేసి రిటైరైన వ్యవసాయ ఉద్యోగి ఆయన. రైతులు వాన కబురు ఎవరిని అడుగుతారన్న నా పట్టీలో ఎరువుల అంగడి పేరు పైన ఉండటం చూసి నవ్వారు. "అంగడాయప్పకు వానల సంగతి తెలుసని కాదు వాళ్లు అడిగేది. అప్పిచ్చేది ఆయనే కాబట్టి, విత్తమంటే విత్తుతారు" అన్నారు. ఆ మాట పట్టుకుని మళ్లీ ఊళ్లు తిరిగాను. నా థీసిస్‌లో ఒక అధ్యాయమే మారిపోయింది.

అందుకే నా లెక్క ఇది: పని ఇంకా పచ్చిగా ఉంటే పోస్టర్, పండితే ఓరల్. సగంలో ఉన్న పనిని స్టేజీ మీద చెబితే దాచుకోవడంతోనే సరిపోతుంది. పోస్టర్ దగ్గరైతే ఎదుటివాళ్లు వేలు పెట్టి మరీ తప్పు చూపిస్తారు. మనకు కావలసిందీ అదే. ఇంగ్లిష్ అంటే టెన్షన్ పడే తెలుగు మీడియం పిల్లలకు ఇంకో లాభం కూడా ఉంది. మైకు ముందు భాష మార్చడానికి జంకుతాం, బోర్డు ముందు ఎదుటి మనిషిని బట్టి మాట్లాడేస్తాం. కమ్యూనికేషన్ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఐఏఎంసీఆర్ 2014లో సదస్సును మన హైదరాబాద్‌లోనే పెట్టింది. ఆ సంఘం అధికార భాషలు మాత్రం ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్.

పోస్టర్‌తో ఇబ్బందులు లేవని కాదు. ఏ0 సైజు అంటే 841 మి.మీ. వెడల్పు, 1189 మి.మీ. పొడవు. చదరపు అడుగు లెక్కన తీసుకునే ఫ్లెక్స్ షాపుకు దాదాపు 11 అడుగుల డబ్బు ఇవ్వాలి. అచ్చుతప్పు దొర్లితే మళ్లీ మొత్తం ప్రింటు. చాలామంది థీసిస్ పేజీల్నే చిన్నక్షరాల్లో ఎక్కించేస్తారు, దాన్ని చదివేవాడు ఉండడు. 2019లో అమెరికాలో మైక్ మారిసన్ అనే సైకాలజీ పీహెచ్‌డీ విద్యార్థి ఒక పద్ధతి ప్రచారం చేశాడు. తేలిన అసలు విషయాన్ని మామూలు మాటల్లో నడిమధ్య పెద్దక్షరాలతో రాయాలి, వివరాలు పక్కలకు పోవాలి, మిగతాది క్యూఆర్ కోడ్‌లో ఉండాలి. నేను అలాగే చేశాను. తెలుగులో చేసేవాళ్లు వరుసల మధ్య ఎడం ఇంకాస్త వదలాలి, లేదంటే ఒత్తులు కింది వరుస గుడుల్లో ఇరుక్కుంటాయి.

ఇక రూల్స్ సంగతి. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రెండు పేపర్ ప్రజెంటేషన్లు తప్పనిసరిగా ఉండేవి. 2022 నిబంధనల్లో ఆ షరతు లేదు. అయినా సొంతంగా అడిగే యూనివర్సిటీ ఉండొచ్చు, పోస్టర్‌ను లెక్కలోకి తీసుకుంటారో లేదో గైడ్‌ను ముందే అడగడం మంచిది. ఫీజు కట్టాక అడిగి లాభం లేదు.

ఆన్‌లైన్‌లో చెప్పడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బస్సు ఖర్చు మిగులుతుంది, మనుషులు దొరకరు. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీ మాత్రం సాధనకు బాగుంటుంది. కదలని స్లైడ్ ఒక్కటే ఉండాలి, మూడు నిమిషాలు దాటితే పోటీలో లేనట్టే. హాస్టల్ గదిలో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని అలా చెప్పి చూసుకుంటే, 15 నిమిషాలు ఆరైనా కంగారు పడరు.

ఇంతా చెప్పి ఆ తమ్ముడితో నేను టిక్ పెట్టించింది ఓరల్‌కే. వాడి పరిశోధన నిమ్మలకుంట తోలుబొమ్మల మీద. వెలుగు ముందు కదలకపోతే, వెనక పాట లేకపోతే ఆ బొమ్మ గోడకు వేలాడే తోలు. దాన్ని ఫ్లెక్స్ మీద అచ్చేస్తే ఏముంటుంది? నిమిషం వీడియో పెట్టుకోమన్నాను. స్లైడ్‌లో అతికిస్తే చాలదు, ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో విడిగా వేసుకోమని, సెషన్‌కు అరగంట ముందే వెళ్లి హాల్లో స్పీకర్ పలుకుతోందో లేదో చూసుకోమని చెప్పాను.