ఎపిస్కోపల్ అకాడమీ: మా అమ్మాయి చదువు ముగిశాక చాపెల్ గురించి నాలుగు మాటలు

ఫిలడెల్ఫియా పశ్చిమ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో న్యూటౌన్ స్క్వేర్‌లోని ఈ బడి ప్రస్తావన వస్తే ఫీజు, కాలేజీ ప్రవేశాలు, ఆట మైదానాల గురించే మాట్లాడుకుంటారు. అవి అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను. మా అమ్మాయి మిడిల్ స్కూల్ నుంచి పన్నెండో తరగతి వరకు ఇక్కడే చదివింది. ఇన్నేళ్ల తర్వాత నా మనసులో అన్నిటికన్నా గాఢంగా నిలిచిపోయింది ఆవరణ నడుమ ఉన్న చాపెల్, అంటే బడి క్రైస్తవ ప్రార్థనా మందిరం.

బడి చిరునామాలోని ఇంటి సంఖ్య 1785, వీధి పేరు బిషప్ వైట్ డ్రైవ్. అమెరికా రాజ్యాంగం రాయడానికి రెండేళ్ల ముందు, 1785లో, ఫిలడెల్ఫియా క్రైస్ట్ చర్చిలో, తర్వాత బిషప్ అయిన మతగురువు విలియం వైట్ ఈ బడిని స్థాపించారు. అయితే ఈ నేలకు అంత చరిత్ర లేదు. బడి 1921లో నగరం విడిచి మెరియన్‌కు మారింది. 1974లో డెవన్‌లో రెండో ఆవరణ తెరిచి, ఆ ఏడాదే ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టింది. 2008లో రెండు ఆవరణలనూ వదిలి ఇక్కడికి వచ్చింది. మెరియన్ స్థలం ఇప్పుడు సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీ చేతిలో ఉంది. పాత గోడలు, పాత చెట్లు చూడాలని వచ్చేవారికి అవి ఇక్కడ కనిపించవు.

ఆ పాతదనానికీ ఈ కొత్త ఆవరణకూ మధ్య నాకు కనిపించిన బంధం చాపెల్ ఒక్కటే. దాన్ని రూపొందించింది వాస్తుశిల్పులు రాబర్ట్ వెంచూరి, డెనిస్ స్కాట్ బ్రౌన్‌ల సంస్థ. 1991లో వాస్తుశిల్పంలో పేరెన్నికగన్న ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న వెంచూరి మెరియన్ రోజుల్లో ఈ బడిలోనే చదువుకున్నారు. తాను చదివిన బడికి వృద్ధాప్యంలో కట్టిపెట్టిన మందిరం ఇది అని తెలిశాక దాన్ని చూసే నా చూపే మారిపోయింది.

లోపల బల్లలను విసనకర్రలా పరిచారు. ఒకరి వెనుక ఒకరు వరుసగా కూర్చుని ముందున్నవారి వీపులు చూసే పద్ధతి కాదు, పిల్లలకు ఒకరి ముఖాలు ఒకరికి కనబడతాయి. మా అత్తగారు అమలాపురం నుంచి వచ్చినప్పుడు, మబ్బు పట్టిన ఒక నవంబరు ఉదయం, పెద్దలను పిలిచిన ప్రార్థనకు ఆమెను తీసుకెళ్లాను. మనుమరాలు క్రైస్తవ ప్రార్థనలో కూర్చోవడం గురించి ఆమెకు బెంగ ఉండేది. మేము ఒక పక్కగా కూర్చున్నాము. ఎదురుగా కిటికీ ఏదీ కనబడటం లేదు, అయినా ఆమె చేతిలోని కీర్తనల పుస్తకంలో అక్షరాలు స్పష్టంగా తెలుస్తున్నాయి. "దీపాలు ఎక్కడ పెట్టారమ్మా?" అని నన్ను మెల్లగా అడిగారు. ఒకదాని వెనుక ఒకటిగా నిలిపిన గోడల సందుల్లోంచి పగటి వెలుతురే అలా పక్కగా వచ్చి పడుతోంది. ప్రార్థన ముగిశాక ఆమె మందిరం చుట్టూ తిరిగి, ఆ సందులు బయటి నుంచి ఎలా ఉన్నాయో చూసి మరీ కారెక్కారు. ఆ తర్వాత ఆమె ఆ బెంగ సంగతి మళ్లీ ఎత్తలేదు.

చాపెల్‌లో జరిగే ప్రార్థనకు హాజరు పిల్లలందరికీ తప్పనిసరి, ఏ మతం వారైనా సరే. మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే అలవాటు ఉంది కనుక, అక్కడ విన్నదాన్ని ఇక్కడ చేసేదానితో పోల్చి చూసుకోవడం మా అమ్మాయికి సహజంగానే అబ్బింది. ఆ పోలిక చెప్పేవారు ఇంట్లో లేకపోతే ఇదే అనుభవం పిల్లలకు ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

చేర్చిన కొత్తలో ఆ విశాలమైన ఆవరణను నేను కలిసిన వారందరి దగ్గరా పొగిడాను. విశాలం నిజమే. కానీ మేముండేది ఎక్స్‌టన్‌లో. ఉదయం 202 రోడ్డు మీద, వెస్ట్ చెస్టర్ పైక్ మీద ట్రాఫిక్‌లో గడిచిన కాలం, సాయంత్రం ఆటలు ముగిసేదాకా కారులో ఎదురుచూసిన కాలం కలుపుకుంటే, ఆ పొగడ్తను ఇప్పుడు బడికి దగ్గరలో ఇల్లున్నవారికే పరిమితం చేస్తాను.

చేర్చాలా వద్దా అని అడిగేవారికి నేను చెప్పేది ఇది: ఆదివారం సందర్శనతో సరిపెట్టుకోకుండా, వీలు కల్పించమని బడివారిని అడిగి, చాపెల్‌లో ప్రార్థన జరిగే రోజున పిల్లతో కలిసి వెళ్లి కూర్చోండి. మా ఊరి పబ్లిక్ స్కూళ్లు, అంటే ప్రభుత్వ బడులు, బాగానే ఉన్నాయి, ఇద్దరి ఫీజు భరించడం మాకు కష్టం. అందుకే మా చిన్నవాణ్ణి పబ్లిక్ స్కూల్లోనే ఉంచాము.