మూడు వైర్ల పేస్‌మేకర్‌కు ముందు ఏ స్కాన్ మేలు?

"మా నాయనకు పంపింగ్ 28 అన్నారు సార్. మూడు వైర్ల పేస్‌మేకర్ పెడితే మళ్లీ అలిపిరి మెట్లు ఎక్కగలడా?" పంపింగ్ అంటే ఒక్కో బీట్‌కు గుండె బయటికి నెట్టే రక్తం శాతం. ఈ మూడు వైర్ల పేస్‌మేకర్‌నే డాక్టర్లు సీఆర్‌టీ అంటారు. తిరుపతిలో దాని మాట వచ్చిన చాలా ఇళ్లలో అసలు ప్రశ్న ఇదే. పెట్టించుకున్నవాళ్లలో సుమారు మూడింట ఒకరికి ఆశించిన లాభం కనిపించదు. అందుకే పనిచేస్తుందో లేదో ముందే చెప్పే స్కాన్ కావాలని అడుగుతారు. ఎకో (గుండె అల్ట్రాసౌండ్), ఎమ్మారై, న్యూక్లియర్ స్కాన్ (కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది) మూడూ ఉన్నాయి గానీ, ఏదీ ఆ ప్రశ్నకు అవుననో కాదనో తేల్చి చెప్పదు. వైరు ఎక్కడ పెట్టకూడదో మాత్రం ఒకటి బాగా చెబుతుంది.

గుండెలో కరెంటు మోసే ఎడమ దారి దెబ్బతినే ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్, అంటే డాక్టర్లు ఎల్‌బీబీబీ అనేది ఉంటే, కరెంటు గుండె మధ్యగోడకు ముందు, ఎడమ పక్కగోడకు ఆలస్యంగా చేరుతుంది. బ్రహ్మోత్సవాల్లో తేరు మోకులు పట్టినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో సమయంలో లాగితే తేరు కదలదు కదా, గోడలు వేర్వేరుగా బిగుసుకుంటే రక్తమూ అంతే. సీఆర్‌టీలో ఒక వైరు గుండె సిరలోంచి వెళ్లి ఆ ఆలస్యపు గోడ మీద కూర్చుని, రెండు వైపులనూ కలిపి కొట్టిస్తుంది.

స్కాన్‌ల కన్నా ముందు చూడాల్సింది ఈసీజీ. మందులు సరిగ్గా వాడుతున్నా ఆయాసం తగ్గక, పంపింగ్ 35 శాతం దాటక, ఎల్‌బీబీబీతో పాటు క్యూఆర్‌ఎస్ (కరెంటు గుండె కింది గదులంతా పాకడానికి పట్టే సమయాన్ని చూపే ఈసీజీ గీత) వెడల్పు 150 మిల్లీసెకన్లు లేదా ఆపైన ఉంటే, లాభపడే అవకాశం బాగా ఎక్కువ. అదే క్యూఆర్‌ఎస్ 130 కన్నా తక్కువ ఉంటే, ఎకోలో గోడలు ఎంత గతి తప్పినట్టు కనిపించినా సీఆర్‌టీ వద్దనే చెబుతారు. దీనికి కారణం 2013లో వచ్చిన ఎకోసీఆర్‌టీ ట్రయల్. సరిగ్గా అలాంటివాళ్లకే పెట్టి చూస్తే లాభం లేకపోగా మరణాలు పెరిగాయి. ఎకోలో కనబడింది కదా అని మెషిన్ పెట్టకూడదని అప్పుడు తేలింది.

అలాగని ఎకో పనికిరాదని కాదు. పంపింగ్ శాతం తేల్చేది అదే, చవక, గుండె డాక్టరున్న ప్రతిచోటా దొరుకుతుంది. తేడా వచ్చింది గోడల మధ్య ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో కొలవడం దగ్గర. 2008లో ప్రాస్పెక్ట్ అనే అధ్యయనం సుమారు 500 మందిలో 12 రకాల ఎకో కొలతలను పరీక్షించింది. నమ్మి ఎంపిక చేయదగ్గది ఒక్కటీ తేలలేదు. ఒకే బొమ్మను ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు వచ్చేవి. నా మట్టుకు, రిపోర్టులోని ఆ అంకె కన్నా అనుభవమున్న డాక్టరు కన్నే నయం. బీట్ మొదట్లో మధ్యగోడ టక్కున లోపలికి జరిగి వెనక్కి రావడం, గుండె కొస అటూ ఇటూ ఊగడం స్పష్టంగా కనిపిస్తే అవి మంచి సూచనలు.

ఎమ్మారై బలం మచ్చను చూపించడంలో ఉంది. పాత హార్ట్ ఎటాక్‌లో చచ్చిన కండరం గడోలినియం మందు ఎక్కించాక తెల్లగా తేలుతుంది. వైరు కూర్చోవాల్సిన వెనక పక్కగోడే మచ్చబారి ఉంటే అక్కడ కరెంటు ఇచ్చినా కండరం సరిగా స్పందించదు. మచ్చ తెలిస్తే దాన్ని తప్పించి వేరే సిరలో వైరు పెట్టే ప్రయత్నం చేయొచ్చు, ఇంటివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు మొగ్గుతున్న లెఫ్ట్ బండిల్ పేసింగ్‌లో వైరు మధ్యగోడలోకి దిగాలి కాబట్టి, అక్కడ మచ్చ ఉందో లేదో తెలియడమూ అంతే ముఖ్యం. ఇబ్బందులూ లేకపోలేదు. ఆయాసంతో ఉన్న మనిషి ముప్పావు గంట వెల్లకిలా పడుకుని, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు గడోలినియం ఇవ్వడానికి జంకుతారు. ముందే పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు బొమ్మ చెదురుతుంది.

న్యూక్లియర్ స్కాన్ వీటికి మధ్యస్తం. రక్తం అందని చోటునీ, గోడలు కదిలే వరసనీ ఒకే పరీక్షలో చూపిస్తుంది, కొలత మనిషిని బట్టి పెద్దగా మారదు. కానీ మచ్చ వివరాల్లో ఎమ్మారైకి సాటిరాదు, పైగా రేడియేషన్. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది గనుక, ఎమ్మారై కుదరనివాళ్లు డాక్టరును దీని గురించి అడగొచ్చు.

మరి ఏది మేలు? ఎటాక్ రాలేదు, యాంజియోగ్రామ్ బాగుంది, ఎల్‌బీబీబీతో క్యూఆర్‌ఎస్ 160 ఉంది అంటే ఈసీజీ, మంచి ఎకో చాలావరకు సరిపోతాయి. ఇంకో స్కాన్ కోసం నెలలు లాగడం నాకు సబబుగా తోచదు. పాత ఎటాక్ ఉంటే మాత్రం ఎమ్మారైకి పెట్టే డబ్బు దండగ కాదు. క్యూఆర్‌ఎస్ 130కీ 150కీ మధ్య ఉండి డాక్టరే ఊగిసలాడుతుంటే అప్పుడూ అంతే.

చిత్తూరు నుంచి రెండో అభిప్రాయం కోసం వేలూరు వెళ్లేవాళ్లు రిపోర్టు కాగితంతో ఆగకుండా, స్కాన్ సీడీ, పేస్‌మేకర్ పెట్టకముందు తీసిన ఈసీజీ కూడా పట్టుకెళ్లాలి. మెషిన్ పెట్టాక ఈసీజీ రూపు మారిపోతుంది, పాతది మళ్లీ తీయించడం అంత సులువు కాదు.