చేర్యాల పటం కొనాలంటే: దారి, బస, బేరం

కామిక్ బొమ్మల అసలు పేజీలు సేకరించేవాళ్లకు ఒక బెంగ ఉంటుంది. 20 పేజీల కథ 20 ఇళ్లకు చెదిరిపోయి, మధ్యలో పేజీ ఒక్కటే మన చేతికొస్తుంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద గీసే కథల పటాలదీ ఇప్పుడు అదే పరిస్థితి. 3 అడుగుల వెడల్పు, 40 నుంచి 60 అడుగుల పొడవున గడులు గడులుగా కథ నడిచేది. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివాళ్లు మాదిగలకు జాంబ పురాణం చెప్పింది ఇలాంటి పటాలు విప్పుకుంటూనే. ఇప్పుడు గోడ కొలతకు తగ్గట్టు ఒక్క గడి మిగిలింది. డబ్బు కొంచెం ఎక్కువైనా వరుసగా మూడు నాలుగు గడులున్న పటమే కొనడం మేలు.

రైల్లో వచ్చేవాళ్లు జనగామలో దిగాలి. సిద్దిపేట వైపు వెళ్లే బస్సెక్కితే చేర్యాల సుమారు 30 కిలోమీటర్లు. బసకు చేర్యాలను నమ్ముకోవద్దు. ఒక్క రాత్రికైతే జనగామ లాడ్జి చాలు, తెల్లారే బయల్దేరొచ్చు. కుటుంబంతో వస్తే హనుమకొండ సుఖం: గదులెక్కువ, నక్కలగుట్టలో టూరిజం వాళ్ల హరిత కాకతీయ కూడా ఉంది. కాకపోతే చేర్యాలకు పోను రాను సగం రోజు దారికే పోతుంది. కొమురవెల్లి దగ్గరే కదా అని అక్కడ దిగేవాళ్లు సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు మానుకోవాలి. మల్లన్న జాతర రద్దీలో గది దొరకదు, బస్సులో పటం చుట్టకు చోటూ దొరకదు.

హైదరాబాద్ శిల్పారామంలోనూ చేర్యాల బొమ్మలు దొరుకుతాయి. చిన్న మాస్కులకు అది చాలు. పటానికి మాత్రం గీసేవాళ్ల ఇంటికే వెళ్లాలి, ఎందుకంటే అసలు పని బొమ్మ కింద ఉంటుంది. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. వానాకాలంలో ఆరడం ఆలస్యం, తొందరపెడితే పూత పెచ్చులూడుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే పూత వేసిన ఖద్దరా, రెడీమేడ్ కాన్వాసా, పాతకాలపు రంగులా, పోస్టర్ రంగులా అన్నది మాట్లాడుకోండి. ధర కొలతతో పాటు బొమ్మల సంఖ్యనుబట్టీ మారుతుంది. రెండడుగుల పటంలో ముగ్గురు మనుషులున్నదీ, ముప్పైమంది ఉన్నదీ ఒక రేటు కావు.

చేతిపనో కాదో తేల్చుకోవడానికి పటాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడాలి. ఎర్ర నేపథ్యం ముందు నింపి, ఒంటి రంగులు, నగలు వేశాక చివర్న నల్లగీత లాగుతారు. కాబట్టి ఆ గీత మిగతా రంగుల మీదికి ఎక్కి కనబడాలి. భూతద్దంలో సన్నని చుక్కలు కనబడితే అది అచ్చు. ఒకే బొమ్మ రెండు కాపీలు పక్కపక్కన పెట్టినా తెలుస్తుంది: కనుబొమ్మ వంపు కూడా తేడా లేకుండా ఉంటే అనుమానించాలి. సంతకం, తేదీ వెనకవైపు రాయించుకోండి, బిల్లు అడగండి.

"తాతల నాటి పటం" అని ఎవరైనా చూపిస్తే తొందరపడొద్దు. అరిగిన పటాన్ని కథకులు శాస్త్రోక్తంగా నీళ్లలో కలిపేవారు, అందుకే పాతవి అరుదు. నిజంగా 100 ఏళ్లు దాటిందైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికొస్తుంది, విదేశాల్లోని చుట్టాలకు పంపడం కుదరదు. కోసి అమ్ముతున్న పాత గడి జోలికి అసలే పోవద్దు.

తెచ్చుకునేటప్పుడే ఎక్కువ పటాలు పాడవుతాయి. మడిస్తే ఆ మడత వెంట పూత పగులుతుంది, తర్వాత సరిచేయడం కష్టం. జనగామ హార్డ్‌వేర్ షాపులో 4 అంగుళాల పీవీసీ పైపు, పటం వెడల్పుకు అరడుగు ఎక్కువగా కోయించి, ముందే కొనుక్కోండి. బొమ్మ పైకి వచ్చేలా పైపు మీద చుట్టి, మధ్యలో ఉతికిన పల్చటి నూలుగుడ్డ వేయాలి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. చాలామంది పైపు లోపల దూర్చుతారు, అంచులు రాసుకుపోయేది అక్కడే. పైన ఇంకో గుడ్డ చుట్టి కట్టేస్తే సరి. ఇంటికి చేరాక ఫ్రేమువాడు ఫెవికాల్‌తో ప్లైవుడ్‌కు అతికిస్తానంటే ఒప్పుకోవద్దు. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో పట్టీ వేయించాలి. పూతలో గంజిలాంటి పదార్థం ఉంది కాబట్టి పురుగులకు ఇష్టం. వానాకాలం పోయాక ఒకసారి దించి వెనకవైపు చూసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో గంట మిగిలితే జనగామ పక్కనే పెంబర్తి, ఇత్తడి పని చూడొచ్చు. చంకలో పటం ఉంటే మాత్రం నేరుగా రైలెక్కండి.